ఉమ్మడి పళ్ళ మిషన్

ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

పూజ్యులైన అన్నయ్యగారికి,

మీ తోడల్లుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మీ మరదలూ, మన పళ్ళు ఎండబెట్టే మిషనూ ముగ్గురం కులాసా. మీ మోకాలు ఎలా ఉందో ఆ మోకాలికే తెలియాలి. మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఫోన్లో రాలేనంటూ నెపం దాని మీదే పెడుతున్నారు.

మొన్న మీరన్న మాట మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఇక నాకెందుకులే, ఆ మిషన్ మీరే ఉంచుకోండి, లేకపోతే ఎవరికైనా ఇచ్చేయండి అన్నారట మీ మరదలితో. ఉమ్మడిగా కొన్న వస్తువండీ అది! మీ వాటా వదులుకుంటే నన్నూ వదులుకున్నట్టే కదా. మనమేమైనా ఒక కడుపున పుట్టామా? అక్కాచెల్లెళ్ళని చేసుకున్నందుకు అన్నదమ్ములమయ్యాం. వదిన పోయిన రోజు నుంచీ ఆ ముడి ఊడిపోతుందేమోనని నాకు భయమే. ఆ తరవాత కూడా మీరు ఆదివారం తప్పకుండా వచ్చేవారు కాబట్టి పైకి అనలేదు.

ఈ రోజు యాపిల్ వేశాను. ముక్కలన్నీ ఒకే మందం. దర్జీ చెయ్యి కదా, టేపు లేకుండానే వచ్చేస్తాయి. మీవి చెప్పు అట్టల్లా ఉండేవి. అంచులు ఎండి మధ్యలో పచ్చిగా ఉంటే, మీరు మూత మీద అరచెయ్యి పెట్టి చూసి, ఇంకో గంట పోనీ తమ్ముడూ, ఇంజను ఇంకా వేడెక్కలేదు అనేవారు. స్టీరింగు వదిలి ఇన్నేళ్ళయినా మీ నోట్లోంచి బస్సు దిగలేదు.

మొదటిసారి గుర్తుందా? పై ట్రేల్లో యాపిల్ పెట్టాం. కింది ట్రేలు ఖాళీగా ఉంటే కరెంటు దండగని మీరు ఉల్లిపాయలు తరిగి పెట్టారు. నేనైనా వద్దనాలి కదా, ఆహా ఏం తెలివి అన్నాను! సాయంత్రానికి ఇల్లంతా ఘాటు. యాపిల్ ముక్క నోట్లో పెట్టుకుంటే అచ్చంగా ఉల్లిపాయే. వదిన ఒకటి కొరికి, మనిద్దరి మొగుళ్ళకీ కలిపి దేవుడు ఒక్క బుర్రే ఇచ్చాడే అని చెల్లెలితో అంది. ఇద్దరూ వంటింటి గట్టుకి ఆనుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. మనం మాత్రం పంతానికి పోయి, బాగానే ఉన్నాయంటూ డబ్బా ఖాళీ చేశాం. ఆ వారం మన పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఆ నవ్వు మళ్ళీ వినాలని ఉంటుంది అన్నయ్యగారూ. వినబడదని తెలుసు. కానీ మీరు ఎదురుగా కూర్చుంటే వదిన వంటింట్లో ఉన్నట్టే ఉండేది. ఇప్పుడు ట్రేలు పైవి కిందికీ, కిందివి పైకీ నేనొక్కణ్ణే మారుస్తున్నాను. తప్పులు పట్టే మనిషి పక్కన లేకపోతే పనిలో మజా ఏముంది? ఇదివరకు కిలో పళ్ళు ఎండితే మిగిలే పిడికెడు కోసం పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు సీసాలు నిండుతున్నాయి, తినేవాళ్ళు లేరు.

మిషన్ ఎవరికీ ఇవ్వను. మీ వాటా మీదే. ఉత్తరంతో పాటు ఎండు యాపిల్ ముక్కల పొట్లం కూడా ఒకటి పంపుతున్నాను. వచ్చే ఆదివారం వచ్చి తీరాలి. మోకాలు మొరాయిస్తే దాన్ని ఇంట్లో వదిలి మీరు రండి.

ఇట్లు,
మీరు కాదన్నా మీ తమ్ముడు

తా.క.: ఇదంతా మీ మరదలికి చదివి వినిపిస్తే, అసలు సంగతి వదిలేసి ఈ సోదంతా ఏమిటని కేకలేసింది. అందుకని రాస్తున్నాను. మూడు నెలల కిందట ఆవిడ మిమ్మల్ని మార్కెట్లో చూసింది. మీ పక్కన ఒకావిడ ఉన్నారట, ఇద్దరూ కలిసి ద్రాక్షపళ్ళు ఏరుతున్నారట. మరదల్ని చూడగానే అంత ఆరడుగుల మనిషీ అరటిపళ్ళ బండి వెనక నక్కారట! మా ఆవిడ చూడనట్టే వచ్చేసింది. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చింది. తరవాత ఆ బండి గుర్తొచ్చి నవ్వింది. మీరే చెబుతారని ఇన్నాళ్ళూ ఆగింది. పొట్లం మీకు కాదు, మీతో ద్రాక్షపళ్ళు ఏరినావిడకి, మీరు ముట్టుకోకండి. ఆదివారం ఇద్దరూ కలిసి రండి. ఆవిణ్ణి ఏమని పిలుస్తావని మీ మరదల్ని అడిగాను. బావగారి భార్యని అక్కా అనక ఇంకేమంటారు, ఆమాత్రం తెలియదా అని నన్నే కసిరింది.