నీ మట్టపుగుండు

బాపూ,

రోడ్డు వెడల్పు చేస్తున్నారని అత్వెల్లిలో నువ్వు కట్టిన చర్చిని ఈ రోజు కూల్చారు. ఒక్కదాన్నే వెళ్లి చూశాను.

తూర్పు గోడ గుర్తుందా? సగం లేచాక కాస్త ఒరిగిందని నువ్వే పడగొట్టావు. "సున్నం కొడితే ఎవరికి కనబడుతది మేస్త్రీ?" అన్నారు పాస్టరు గారు. "దేవుడు మట్టపుగుండు పట్టుకొని గోడ మీద నిలబడ్డడని ఆమోసు ప్రవక్త జెప్పిండు గద అయ్యగారూ. ఆయన వచ్చిననాడు సున్నం జూస్తడా?" అన్నావు నువ్వు.

ఈ రోజు ఆ గోడే ఆఖరున పడింది. జేసీబీ డ్రైవర్ దిగొచ్చి, "గీ గోడ ఎవరు కట్టిండ్రమ్మా? మస్తు సీదా ఉండె" అన్నాడు. మా బాపు అని చెప్పాను.

ఆ మాట నీకు చెప్పాలని సూరారం ఇంటికి గబగబా వచ్చాను. తాళం తీశాకే నువ్వు ఇక లేవని గుర్తొచ్చింది.

ఆదివారం చర్చికి బయలుదేరే ముందు నా భుజం పక్కన నీ మట్టపుగుండు దారంతో వేలాడదీసి, "జర ఒరిగినవ్ బిడ్డా. దేవుని ముందట సీదా నిలబడాలె" అనేవాడివి. ఇందాక ఆ గుండు తీసి, దారం నా భుజానికి నేనే ఆనించుకున్నాను. తల తిప్పి చూస్తే భుజం కదులుతోంది. తిప్పకపోతే కనబడటం లేదు.

ఒరిగానా, బాపూ?