అద్దె కాగితంలో రాయించిన మాట

నర్సీపట్నం,
14-7-2025, సోమవారం.

చెల్లి అప్పయమ్మకి,

అక్క సింహాద్రమ్మ దీవించి రాయు ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. క్షేమం అని రాస్తే ఏ దిష్టి తగులుతుందో, మోకాళ్ళు తప్ప క్షేమం అనుకో. రోలుగుంటలో వానలు గట్టిగా పడుతున్నాయని విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఆ జీడితోట కాపలా పాక కారుతోందా? పక్క దులుపుకుని పడుకుంటున్నావా? పాములు తిరిగే రోజులు. ఫోనులో నీకు వినబడదు, నేను అరిస్తే ఇంట్లో వాళ్ళు కంగారు పడతారు. అందుకే ఉత్తరం. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

సంగతి ఏమిటంటే, మా అబ్బాయి జగదీశు పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, చదువుకోడానికి గది కావాలట. నన్ను వేరే చూసుకోమన్నాడు. ఆసుపత్రికి దగ్గరలో, రెండో అంతస్తులో ఒక ఫ్లాటు చూశాను. ఒక్కదాన్నే ఉండాలంటే భయం. నువ్వు రావాలి. అద్దె ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నావు, తెలుసు. మరిది పోయిననాడు మీరు అద్దెకున్న ఆ ఇంటి ఓనరు మీ ఆయన్ని లోపలికి తేనివ్వలేదు. రోడ్డు మీద బల్ల వేసి పడుకోబెడితే, వానలో ఆయన మీద గొడుగు పట్టి నువ్వు తడుస్తూ నిలబడ్డావు. నేను మాత్రం మరిచిపోతానా? అందుకే ఈ ఉత్తరం చివరిదాకా చదువు, మధ్యలో మడిచి పెట్టెయ్యకు.

ఈ ఓనరు పేరు మన్మథరావు గారు. కింద వాటాలో తల్లితో ఉంటారు. అగ్రిమెంటు చేతికిచ్చి, సంతకం పెట్టీండమ్మా, అందరూ పెట్టీదే అన్నారు. అలాక్కాదు బాబూ, నువ్వు సదువు, నేనింటాను, తెలీనికాడ ఆపుతాను అన్నాను.

పదకొండు నెలలు అని ఉంది. ఏడాదికి పన్నెండు కదా, ఆ మిగిలిన నెల మమ్మల్నెక్కడుండమంటావు అని అడిగాను. ఆయన నవ్వి, పన్నెండైతే రిజిస్ట్రేషన్ సెయ్యించాలమ్మా, అందుకే అందరూ పదకొండే రాసుకుని, అదయ్యాక కొత్తది రాసుకుంటారు అన్నారు. మేము ఖాళీ చేస్తే రెండు నెలల ముందు చెప్పాలని ఉంది. మరి నువ్వు పొమ్మంటే ఎన్నాళ్ళ ముందు సెప్తావు అంటే, అది అందులో లేదు. రాయించాను. గోడకి మేకు కొట్టకూడదట. మా ఆయన ఫొటో, మరిది ఫొటో ఎక్కడ పెట్టుకోవాలని బెంగపడ్డాను. పాత మేకులు రెండున్నాయి, వాడుకోమన్నారు.

ఇక అసలుది అడిగాను. బాబూ, మాలో ఎవరైనా పోతే, అయినోళ్ళు వచ్చీదాకా మనిషిని హాల్లో ఉంచనిస్తావా అని. ఆయన మొహం మాడిపోయింది. ఏటమ్మా, పాలు పొంగించకముందే సావు మాటేటి, మిగతా ఫ్లాట్లోళ్ళు ఊరుకుంటారా అన్నారు. నేను కాగితం తిరిగి ఇచ్చేసి లేచాను. ఇక ఈ ఇల్లు లేదనుకున్నాను.

అంతలో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న వాళ్ళమ్మ అప్పలకొండమ్మ గారు తలెత్తి, ఒరే మన్మథా, నేను పోతే నన్నూ గేటు బయటే పడుకోబెడతావేట్రా అన్నారు. ఊరుకోయే అమ్మా, నువ్వు ఓనరువి అన్నారాయన. ఓనరు పీనుగ వేరూ, అద్దోళ్ళ పీనుగ వేరూనేట్రా, బేగి రాయి, నాకు వంటకి టైమవుతంది అన్నారావిడ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆయన పెన్ను తీశారు. పెన్నుతో వద్దు బాబూ, తడిస్తే సెదిరిపోద్ది, టైపు కొట్టించు అన్నాను. విసుక్కుంటూనే కొట్టించారు. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. అద్దెకున్నవారిలో ఎవరు కాలం చేసిననూ, బంధువులు వచ్చువరకు ఇంటిలో ఉంచుకొనుటకు ఓనరుకు అభ్యంతరం లేదు, అని ఉంది. చెల్లీ, చావు మాట చదివి అంత సంతోషపడినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నేనేమో.

మనిద్దరి సంతకాలూ కావాలి. నేనింకా పెట్టలేదు. ఈ వారంలో రా. వేలిముద్ర వెయ్యకు, నీకు పేరు రాయడం వచ్చు. బస్సు పూర్తిగా ఆగాకే దిగు.

నీ మేలు కోరే అక్క,
సింహాద్రమ్మ

తా.క.: ఈ ఉత్తరం పోస్టు డబ్బా దాకా తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చాను. అంతా తెలిస్తేగానీ సంతకం పెట్టనని ఓనరుని అంత సతాయించినదాన్ని, నీ దగ్గర ఒకటి దాచి నీ చేత పెట్టించనా? మా జగదీశు నన్ను పొమ్మనలేదు. వాడి మీద అబద్ధం వేసినందుకు లెంపలేసుకున్నాను. నేనే వెళ్తానంటే కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొన్న నీ పాక చూసి వచ్చాక నాకు ఇక్కడ మంచం మీద నిద్ర పట్టడం లేదు. జాలిపడి పిలిస్తే నువ్వు రావు. అందుకని నాకు గది లేదనీ, భయమనీ రాశాను. భయం మాత్రం నిజమే. ఇప్పుడు అంతా చదివావు, ఇష్టమైతేనే సంతకం పెట్టు. వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకో. ఈసారి నీ మీద పట్టుకో.