గట్టు మీద దమ్ము

జూలూరుపాడు,
5 ఆగస్టు 2025, మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి రాజ్యశ్రీకి,

మీ అక్క భారతమ్మ ఆశీస్సులు. మరిదిగారు వెంకటనారాయణ గారికి నా నమస్కారాలు. ఇక్కడ నేను, గేదె, మూడు కుర్చీలు క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమమని తలుస్తాను. కుర్చీల సంగతి తర్వాత చెబుతాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, అదిగో ఆయాసం అని మొదలుపెడతావు. కాగితం మీద ఎంతసేపు మాట్లాడినా ఆయాసం రాదు, మధ్యలో అడ్డం వచ్చేవాళ్ళూ ఉండరు. అందుకని తీరిగ్గా కూర్చుని చివరిదాకా చదువు. చివరిదాకా అని మళ్ళీ చెబుతున్నాను.

ఆదివారం మరిదిగారు కౌలుదారుని వెంటబెట్టుకుని వస్తున్నారట. పొలం అతని చేతిలో పెట్టి, గేదెను అమ్మి, నేను ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మీ ఇంటి కింది గదిలోకి వచ్చేయాలని నువ్వు తీర్మానం చేశావు. గదికి రంగు వేయించావు. నాకు తోడుగా ఉంటానని నీ మంచం కూడా అప్పుడే పైనుంచి దింపించావట. నీ ప్రేమకు లోటేం లేదు గానీ, నా జవాబు ముందే రాసేస్తున్నాను. నేను రాను, పొలం ఇవ్వను.

ఇదంతా మొన్న గురువారం జరిగిన రభస వల్లే కదా. అది తలచుకుంటే నాకింకా నవ్వు ఆగడం లేదు. నువ్వు ఏన్కూరులో పెళ్ళికి వచ్చి, పని అయ్యాక నన్ను చూసిపోదామని ఫోను చేశావు. నా ఫోను ట్రాక్టరు మీద సంచిలో ఉంది. ట్రాక్టరు తోలుతున్న జంపయ్య ఎత్తాడు. అక్క ఏదని అడిగావు. "పెద్దమ్మ గట్టు మీద కూసుంది. పొద్దటిసంది దమ్ము నడుస్తంది" అన్నాడు. దమ్ము అంటే నువ్వు ఆయాసం అనుకున్నావు. ఎక్కువగా ఉందా అని అడిగావు. "అవ్, శాన ఉంది. ఇయ్యాల ఒడిసేతట్టు లేదు" అన్నాడు. మందు వేశారా అని అడిగితే, "ముందు దమ్ము ఒడవనియ్యమ్మా, మందు రేపు ఏస్తం" అన్నాడట. అంతే, నువ్వు అంబులెన్సుకు ఫోను కొట్టావు.

పాపం అతన్నేం అనకు. వాళ్ళవైపు మడిలో నీళ్ళు పెట్టి బురద దున్నడాన్ని కరిగెట అంటారు. దమ్ము చేయడమన్నది గోదావరి వైపు నుంచి మనవాళ్ళు తెచ్చుకున్న మాట. ఇన్నేళ్ళు నా దగ్గర పనిచేసి మన మాట నేర్చుకున్నాడు, నా చెల్లెలితో మర్యాదగా మన మాటలోనే చెబుదామనుకున్నాడు. ఆ మర్యాదే మన కొంప ముంచింది. అతని భార్య ఎర్రమ్మ అయితే అప్పటినుంచి అతన్ని డాక్టరుగారూ అని పిలుస్తోంది.

మీ కారు, దాని వెనకే అంబులెన్సు వచ్చి రోడ్డు మీద ఆగేసరికి ఊరు సగం నా పొలం చుట్టూ చేరింది. నేను దర్జాగా కుర్చీలో కూర్చుని, ఈ మూల ఇంకా గట్టిగా ఉంది, ఇంకో చుట్టు తిప్పమని జంపయ్యకు చేయి ఊపుతున్నాను. నువ్వు పట్టుచీరతో ఆ జారుడు గట్టు మీద అక్కా అక్కా అంటూ పరుగు. రెండుసార్లు ఆగి కుచ్చెళ్ళు సర్దుకున్నావు. సంచి బురదలో పడేసుకున్నావు. నా దగ్గరకు వచ్చి మాట రాక, నా కుర్చీలో నువ్వు కూలబడ్డావు. బురద వాసన పడలేదు అన్నావు. సిలిండరు మోసుకొచ్చిన అంబులెన్సు ఆయన నిలబడ్డ నన్నూ, కూర్చున్న నిన్నూ మార్చి మార్చి చూసి, మీ ఇద్దరిలో పేషెంటు ఎవరమ్మా అని అడిగాడు. నేను చేయి చాపాను. వేలికి క్లిప్పు పెట్టి చూసి, బాగానే ఉందిగదా అని నీవైపు తిరిగాడు. నువ్వు వెనకే వచ్చిన మరిదిగారి వంక చూసి, చేతులు కొంగులో చుట్టుకుని, నాకేం, నేను బాగానే ఉన్నాను అన్నావు. వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపాను.

ఇక నా జబ్బు సంగతి. నాకు లేదని నేనెప్పుడూ అనలేదు. రెండేళ్ళ కిందట చలికాలంలో బోరు దగ్గర నుంచి వంటింటి దాకా బిందె తేలేక నడిమధ్య కూలబడ్డాను. ఖమ్మంలో ఊపిరితిత్తుల డాక్టరు గొట్టంలోకి ఊదించి చూసి, చుట్ట తాగుతారా అని అడిగారు. చుట్ట నేను తాగలేదండీ, మా నాన్న పొగాకు బ్యారనే నన్ను తాగింది అన్నాను. సత్తుపల్లి వైపు పచ్చి ఆకును వేడితో ఎండబెట్టే ఆ బ్యారన్ పొయ్యికి కట్టెలు ఎగదోసినదాన్ని, ఆకు గ్రేడింగు దుమ్ములో పెరిగినదాన్ని, తర్వాత కట్టెల పొయ్యి మీద వండినదాన్ని. అదంతా చేరి లోపలి దారులు సన్నబడ్డాయన్నారు. సీఓపీడీ అట. పోయేది కాదు గానీ, చెప్పినట్టు వింటే దానితో బాగానే బతకొచ్చన్నారు.

నేను మొదట వినలేదు. వినలేదంటే, మరీ ఎక్కువ విన్నాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ కదలకు, కదలకు అన్నారు. కదలకుండా మంచం పట్టాను. కొన్నాళ్ళకు స్నానాల గది దాకా వెళ్ళినా రొప్పు వచ్చేది. మీ బావగారు ఉన్నప్పుడు కూడా నా నీళ్ళు నేనే తోడుకున్నదాన్ని, ఒకరు తోడితే పోసుకునే స్థితికి వచ్చాను. అప్పుడు ఎంత ఏడ్చానో నీకు తెలియదు. డాక్టరుగారు నన్ను దీపిక దగ్గరికి పంపారు. మంగళవారాలు మాలాంటి వాళ్ళకు వ్యాయామం నేర్పే అమ్మాయి. మీకు ఊపిరి తక్కువై కాళ్ళు పడిపోలేదమ్మా, కాళ్ళు వాడక ఊపిరి తగ్గింది అంది. నాకు కోపం వచ్చింది. కానీ నిజమే.

ఇప్పుడెలా ఉన్నానో రాస్తాను. ముక్కుతో పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదాలు ముడిచి మెల్లగా వదలడం నేర్చుకున్నాను. పీల్చినదానికంటే వదిలేది నిదానంగా ఉండాలి. వంగేటప్పుడు, ఎత్తేటప్పుడు వదలాలి. రోజూ కాలువ దాకా నడుస్తాను, ఆయాసం రాకూడదని కాదు, వచ్చినా మాట్లాడగలిగేంతే రావాలి. మాట తెగితే ఆగుతాను. చేతులకు బలం రావాలని నీళ్ళ సీసాలు ఎత్తుతుంటే మొదట్లో ఎర్రమ్మ, దాహమైతే తాగాలిగాని గట్ల ఊపుడేందని అడిగింది. వంట గ్యాసు మీద, అదీ స్టూలు మీద కూర్చుని. మిరపకాయలు కల్లంలో పోసిన రోజుల్లో మాస్కు. మంచు పడే పొద్దుల్లో గడప దాటను, ఎండ వచ్చాకే పొలం. ఏటా ఫ్లూ సూది. కళ్ళె రంగు మారినా, మామూలు కంటే ఆయాసం ఎక్కువైనా ధైర్యం నటించకుండా దవాఖానాకు పోతాను. మందు పంపు, అదే ఇన్‌హేలరు, మొదట కొంగు చాటున పీల్చేదాన్ని, ఎవరైనా చూస్తే రోగిష్టిదంటారని. ఇప్పుడు నడిబజారులో పీలుస్తాను. కళ్ళజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకు?

కుర్చీల కథ ఇదీ. గట్టున నడిచి ఎక్కడ అలుపు వస్తుందో చూసుకుని, అక్కడల్లా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాను. నడుస్తాను, కూర్చుంటాను, ఊదుకుంటాను, మళ్ళీ నడుస్తాను. పెద్దమ్మ పొలంల వరి కన్న కుర్చీలే ఎక్కువ మొలుస్తున్నయ్ అని ఎర్రమ్మ ఆట పట్టిస్తుంది. పట్టించనీ. ఆ మూడు కుర్చీల పుణ్యాన నా పొలం నేను చుట్టి వస్తున్నాను. దమ్ము నేను చేయలేను, దమ్ము సరిగా అయిందో లేదో చెప్పగలను. నాట్లు వేయలేను, నారు ఎప్పుడు పీకాలో చెప్పగలను. చేయలేనిదానికి మనుషులున్నారు. చేయగలిగింది కూడా లాగేసుకుంటే నేను మళ్ళీ ఆ మంచం మీదికే పోతాను, రాజీ. నీ గదికి ఎంత మంచి రంగు వేసినా అది ఆ మంచమే. నాకు భయమంటూ ఉంటే దానికే.

కాబట్టి కౌలుదారుకు వద్దని చెప్పించు. మరిదిగారు మాత్రం తప్పక రావాలి, గోంగూర కోసి ఉంచుతాను. ఈ ఉత్తరం జంపయ్య చేతికిచ్చి పంపుతున్నాను, రేపు ట్రాక్టరు సామాను కోసం ఖమ్మం వస్తున్నాడు. కాఫీ ఇవ్వు. దమ్ము అన్న మాట మాత్రం అతని ముందు ఎత్తకు, పాపం సిగ్గుపడిపోతున్నాడు.

నీ మేలు కోరే, నీ మాట వినని,
అక్క,
భారతమ్మ.

తా.క.: కాగితం మడవబోయి మళ్ళీ విప్పాను. అసలు రాయాలనుకున్నది ఇదే.

అంబులెన్సు ఆయన అడిగినప్పుడు నేను చేయి చాపింది నిన్ను తప్పించడానికి. గట్టు మీద నువ్వు ఆగినప్పుడు కుచ్చెళ్ళు సర్దుకోలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగావు. ఆ వంగడం నాకు తెలుసు. బురదైన నీ సంచి కడిగింది నేనే. లోపలి జిప్పులో నీలం రంగు పంపు ఉంది, తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆ బ్యారన్ పొయ్యి ముందు నేనొక్కదాన్నే కూర్చోలేదు కదమ్మా, నా పక్కన నువ్వూ కూర్చున్నావు.

రైతు బిడ్డవు. పొలంలో దమ్ము అంటే నీకు ముందు ట్రాక్టరు గుర్తు రావాలి. ఆయాసం గుర్తొచ్చింది. మంచం కిందికి దించింది నాకోసం కాదని, మెట్లు నీకే కష్టమవుతున్నాయని అప్పుడు అర్థమైంది. మరిదిగారికి కూడా చెప్పలేదని నీ చేతులు కొంగులో దాచినప్పుడే తెలిసింది. నేను చెప్పను. నువ్వే చెప్పు, ఆదివారం లోపల.

ఆదివారం వచ్చి ఇక్కడే ఉండిపో. మంగళవారం ఇద్దరం కలిసి దీపిక దగ్గరికి వెళ్దాం. ఇవాళ క్లాసులో నీ పేరు చెప్పలేదు, ఇంకొకరు వస్తారని మాత్రం చెప్పాను. వచ్చేటప్పుడు మెత్తటి చెప్పులు తెచ్చుకో, ఆ పట్టుచీర ఇంట్లో పెట్టి రా.

నాలుగో కుర్చీ కొన్నాను. నా కుర్చీ పక్కనే వేయించాను.