ముప్పై ఒకటో గది

హాలిఫాక్స్,
జనవరి 9, 2012

ప్రియమైన క్లిఫ్‌కి,

నీ ఉత్తరం అందింది. అటక మీంచి ఆ రబ్బరు మీటల కంప్యూటరు దింపావనీ, మనిద్దరం రాసిన 'లోతు గని' ఆట క్యాసెట్టు ఇంకా పలుకుతోందనీ చదివి కుర్చీలోంచి లేచాను. మళ్ళీ కూర్చోలేదు. కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాస్తున్నాను.

థార్న్‌గేట్ కంపెనీ రోజులురా అవి! లీడ్స్‌లో తివాచీల దుకాణం పైన రెండు ఇరుకు గదులు. దేశంలో పిల్లలందరి చూపూ ఆ గదుల మీదే. మన ఆటల పసుపు పెట్టె కనబడితే కొట్టు ముందు బారులు తీరేవాళ్ళు. 'చంద్రుడి మీద మేక' గుర్తుందా? ఆట కంప్యూటర్లోకి ఎక్కడానికి ఐదు నిమిషాలు టేపు కీచుకీచుమని అరిచి, తీరా చివర్లో ఆగిపోయేది. మళ్ళీ మొదటికి తిప్పు! ఇప్పటి ఆటలకు ఆ ఉపవాసం లేదు, అందుకే ఆ పండగా లేదు. బబులోను కూలినట్టు కూలింది మన కంపెనీ. పేరు మాత్రం ఎవరో కొనుక్కుని, ఫోన్లలో మిఠాయిలు పేల్చే ఆటలకు అంటించారు.

ఇరవై ఏళ్ళుగా ఆదివారాలు ప్రసంగాల్లో ఆటల్ని తిట్టిపోసే నేను ఇలా రాశానని మా చాపెల్‌లో ఎవరికీ చెప్పకు.

నీ రెండో కబురే నన్ను నిలవనీయడం లేదు. వణుకు జబ్బు ముదురుతోందని, ఎండాకాలానికి వేళ్ళు మాట వినవని డాక్టరమ్మ చెప్పిందన్నావు. ఈలోగా మన ఆటని మొదటి గది నుంచి నలభయ్యో గది దాకా ఒక్కసారి నడిచి చూడాలన్నావు. వద్దురా. పాతిక దాకా ఆడి ఆపెయ్. ఏలీయా ప్రవక్త అంతటివాడే చెట్టు కింద కూలబడి "ఇక చాలు" అన్నాడు.

నీ మేలు కోరే
జేబెజ్


విట్బీ,
జనవరి 20

ప్రియమైన జేబెజ్ ప్రవక్తకి,

ఏలీయా "చాలు" అన్నాక రొట్టె తిని, లేచి, నలభై రోజులు నడిచాడు. అది కూడా నీ ప్రసంగంలోనే విన్నాను. నాకు అనుకూలంగా ఉన్నంత వరకే గుర్తుంటుందిలే.

ముప్పయ్యో గదికి చేరాను! నోరా అయితే మండిపడుతోంది. "ఆ డబ్బాని చూసినట్టు నన్నెప్పుడైనా చూశావా?" అంటోంది. "నువ్వు ఇన్నిసార్లు చంపలేదుగా నన్ను," అన్నాను. ఆ పూట టీ నేనే పెట్టుకోవాల్సి వచ్చింది.

ముప్పయ్యో గదిలో కుడివైపు రాతి మెట్టు ఎక్కితేనే ముప్పై ఒకటిలోకి దారి. ఎన్నిసార్లు దూకినా గోరంత తక్కువ పడుతోంది. పదకొండు రోజులుగా ఇదే వరస. మీట సరైన క్షణంలో నొక్కలేకపోతున్నాను. తప్పు నా వేళ్ళదే. రోజూ వాటిని తిట్టుకుంటున్నాను. కానీ వదలను.

నీ మొండి
క్లిఫ్


హాలిఫాక్స్,
జనవరి 24

ప్రియమైన క్లిఫ్,

నీ వేళ్ళని తిట్టకు. నన్ను తిట్టు.

ఆ మెట్టు ఎవరి వేళ్ళకీ అందదు. థార్న్‌గేట్‌లో మనం ఆటని ఎలా పరీక్షించేవాళ్ళమో గుర్తు తెచ్చుకో. మొదటి నుంచి ఆడే తీరికెక్కడిది? రహస్య పదం కొట్టి, కావలసిన గదిలోకి నేరుగా దిగేవాళ్ళం. ఏ గదికాగది బాగానే ఉండేది. ముప్పైలోంచి ముప్పై ఒకటిలోకి నడిచినవాడు మాత్రం ఒక్కడూ లేడు. టేపులు అచ్చుకి వెళ్ళే వారం నేను నడిచి చూశాను. మనవాడు దూకగలిగే దానికంటే మెట్టు తెర మీద ఆరు చుక్కలు ఎత్తుగా ఉంది.

మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. "క్రిస్మస్ పెట్టెలు తయారైపోయాయి జేబెజ్. పిల్లలు అంత దూరం వస్తారా ఏమిటి?" అన్నాడు. నువ్వు మీ నాన్నని పాతిపెట్టడానికి విట్బీ వెళ్ళి ఉన్నావు. వచ్చాక చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

పిల్లలు అంత దూరం వచ్చారు. మూడొందల ఉత్తరాలు. జవాబులు రాసే పని నాదే. అందరికీ ఒకటే మాట: "దారి ఉంది. ఓపిక పట్టు." యాభై దాటాక పేరూ చిరునామా తప్ప చదవడం కూడా మానేశాను. ఒక్క అబద్ధానికి అననీయ అక్కడికక్కడే కూలిపోయాడు. నేను ఇరవై ఏడేళ్ళుగా తిరుగుతున్నాను. అబద్ధమాడేవాడికి అగ్నిగుండం తప్పదని చాపెల్ చాపెల్‌కీ వెళ్ళి అరిచానే, అదంతా ఎవరి మీద అనుకున్నావు?

ఆట ఆపు. నన్నేమైనా అను.

జేబెజ్


హాలిఫాక్స్,
ఫిబ్రవరి 28

ప్రియమైన క్లిఫ్,

ఐదు వారాలైంది. ఫోన్ చేస్తే నోరా "మాట్లాడడట" అని పెట్టేసింది. పోస్ట్‌మాన్ అయితే, "గేటు దగ్గర నిలబడితే ఉత్తరాలు మొలవవు ప్రసంగీకుడు గారూ" అంటున్నాడు.

మొన్న ఆదివారం సత్యం గురించి మొదలుపెట్టి, మధ్యలోనే వేదిక దిగిపోయాను. ముసలి డైసన్ అమ్మగారు చెయ్యి పట్టుకుని, "ఇవాళ త్వరగా వదిలావు నాయనా, దేవుడు నిన్ను దీవించుగాక" అంది.

ఒక్క తిట్టు రాయి చాలు.

జేబెజ్


విట్బీ,
మార్చి 11

ప్రియమైన జేబెజ్,

చేతిరాత నోరాది, మాటలు నావి.

కోపం వచ్చింది. ఆట తప్పినందుకు కాదు, నాకు చెప్పనందుకు. మూడు వారాలు కంప్యూటరు ముట్టలేదు. ఆ తర్వాత, నీ మాట నిజమో కాదో తేల్చుకుందామని, లీడ్స్‌లో పాత ఆటల వాళ్ళు కలుసుకునే చోటికి వెళ్ళాను. ముప్పయ్యో గది అనగానే సిల్వియా ప్రాట్ అనే ఆవిడ లేచి నిలబడింది. అప్పుడు పదకొండేళ్ళ పిల్లట.

"ఆ జేబెజ్ ఎక్కడ? దాటడం ఎలాగో బొమ్మ గీసి మరీ పంపితే, 'దారి ఉంది, ఓపిక పట్టు' అంటాడా? నేను దారి అడిగానా? చెప్పాను! ఆడపిల్లనని అలుసా?" అని నన్ను పట్టుకుని దులిపేసింది.

దారి ఉంది జేబెజ్. మెట్టు కింద మీటలు వదిలేసి కదలకుండా నిలబడాలి. గనిలో నీళ్ళు ఊరడానికి నేను రాసిన లెక్క ఎక్కడా ఆగదట, నీళ్ళు ఊరుతూనే ఉంటాయట. పావుగంటకి ఆ నీళ్ళే మనిషిని మెట్టు మీదికి లేపుతాయి. రహస్య పదంతో గదుల్లోకి దూకే మనం ఏ గదిలో పావుగంట ఉన్నాం గనక? ఆ పావుగంట నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అవి ఎంత వణికినా ఫరవాలేకపోయింది. నీళ్ళు లేచాయి. మనవాడు ముప్పై ఒకటిలోకి నడిచి వెళ్ళాడు. నోరా చప్పట్లు కొట్టింది. (కొట్టలేదు, దగ్గాను. నోరా.)

ఇప్పుడు ముప్పై ఎనిమిదో గది గుమ్మంలో ఉన్నాను. ఆటలో ఒక్క ప్రాణమే మిగిలింది. ఇక్కడ పరుగే పరుగు, నా వేళ్ళ వల్ల కాదు. ఆర్పితే మళ్ళీ మొదటి గదే గనక, నాలుగు రోజులుగా ఆటని నిలిపి, కంప్యూటరు ఆర్పకుండా ఉంచాను. నోరా ఆ ప్లగ్గు దరిదాపులకి ఇస్త్రీపెట్టెని కూడా రానివ్వడం లేదు. మోషే చేతులు బరువెక్కితే ఇద్దరు చెరోవైపూ పట్టుకున్నారని ఎన్ని ఊళ్ళలో గొంతు చించుకున్నావో లెక్కలేదు. ఇప్పుడు వచ్చి పట్టుకో.

శనివారం పొద్దుటి బండికి రా. ప్రసంగం ఉందంటే ఒప్పుకోను. నిన్ను క్షమించానో లేదో ఉత్తరంలో చెప్పను. ముందు ముప్పై ఎనిమిది దాటు.

నీ
క్లిఫ్