కోట కావలివాడి ఊపిరి

సైదాబాద్,
జూలై 6, 2025

ప్రియమైన అంజన్,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఇంటికొస్తే నిద్రపోతున్నాడని మీ అమ్మ సత్తెమ్మత్త చేత చెప్పిస్తావు. చివరికి ఆమెతో నీ కబురు అందింది: "మాట్లాడితే నీ గొంతుల జాలి ఇనబడ్తది. రాసి పంపు. నా ఫోన్ల ఉన్న ఆడమనిషి సదివి ఇనిపిస్తది. ఆమెకు జాలి గీలి ఏం లేదు." సరే భాయ్, ఆమెకు నా నమస్కారాలు చెప్పు.

సంగతేమిటంటే, మా వీడియో గేమ్ 'రాతికోట' రెండో భాగం తయారవుతోంది. మొదటి భాగాన్ని మీ ఇంట్లో కూర్చుని ఆడాం కదా. నాకు చేతకాని కొట్లాటలన్నీ కంట్రోలర్ లాక్కుని నువ్వే గెలిచేవాడివి. అప్పుడు నేను స్టూడియోలో పిల్లకాకిని. ఇప్పుడు ఆటలోని శబ్దాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. చూపు లేనివాళ్లు కూడా చెవులతోనే ఈ ఆట మొత్తం ఆడొచ్చని మీటింగులో గొప్పగా అనేశాను. మా మేనేజర్ మహేశ్వరి గారు, "ఒక్కరు గెలిచి చూపిస్తే ఆ ఏర్పాటు ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం" అన్నారు.

ఆ ఒక్కడివి నువ్వే. కరోనా రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ నీ కళ్లను తీసుకుపోయింది గానీ చెవుల జోలికి రాలేదు. ఆట పంపిస్తున్నాను. చివర్లో కోట కావలివాడు ఉంటాడు, వాణ్ని పడగొట్టాలి. జాలిపడి అడుగుతున్నానని అనుకోకు. నా అవసరం కొద్దీ అడుగుతున్నాను.

నీ,
సంకేత్

కార్వాన్,
జూలై 20

ప్రియమైన సంకేత్,

నేను చెబుతుంటే ఫోనే రాస్తోంది. తప్పులుంటే దాన్నే తిట్టు.

ముందు మంచి చెబుతాను. కోటలో వాన మొదలవుతుంది చూడు, అక్కడ కొట్లాట మానేసి నిలబడిపోయాను. ఎడమపక్క రేకుల మీద పడే చినుకు వేరు, ముందున్న రాతిమెట్ల మీద వేరు, వెనుక బావిలో వేరు. వాన పడినచోటల్లా ఒక గోడ లేచింది, ఒక మెట్టు లేచింది. నాలుగేళ్ల తర్వాత నేనొక చోటును చూశానురా.

ఇక కొట్లాట. ఛీ! డప్పులతో చెవులు దిమ్మెక్కించావు. ఆ లొల్లి ఆగినప్పుడు కూడా నీ మనుషులు ఉన్నట్టుండి మీద పడి చంపుతున్నారు. వాళ్లకు ఊపిరే లేదేంది? మా బాపు తాలీంలో ఎర్రమట్టిలోకి దించి కుస్తీ నేర్పిన మొదటిరోజే చెప్పాడు: "కండ్లల్ల మట్టి వడ్తది బిడ్డా, ఏం కనబడది. ఎదుటోడి ఊపిరి ఇను. మీద వడేటోడు ముందుగాల ఊపిరి గుంజుతడు." నీవాళ్లు శవాల్లా వచ్చి కొడుతున్నారు. శవంతో ఎవడు కుస్తీ పడతాడు?

బాపు ఉంటే నవ్వేవాడు. అదే కరోనాలో ఆయన ఒక ఆసుపత్రిలో పోయాడు, నేను ఇంకో ఆసుపత్రిలో కళ్లకు కట్లతో పడి ఉన్నాను. అమ్మను లోపలికి రానివ్వలేదు. అప్పటినుంచి తాలీం గడప తొక్కలేదు. కొట్లాట ఇక నావల్ల కాదని నీ ఆట కూడా చెప్పింది. వేరేవాణ్ని చూసుకో.

అంజన్

సైదాబాద్,
ఆగస్టు 3

ప్రియమైన అంజన్,

నీ ఉత్తరం చదివాను. ఆ ఊపిరి తీసేసింది నేనే.

మా పనిలో రికార్డింగు చేతికి రాగానే, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ముందు ఊపిరులు ఏరి పారేస్తాం. కేక ఉంచుతాం, దెబ్బ ఉంచుతాం. మధ్యలో మనిషి గాలి పీల్చింది చెత్త కింద లెక్క. మొదటి భాగం అప్పుడు, నువ్వు బీదర్‌కు కుస్తీ పోటీలకు పోయిన రోజున, మీ తాలీంలో మైకులు పెట్టి పైల్వాన్ల కుస్తీలు రికార్డు చేశాను. ఆ కేకలనే మార్చి మార్చి వాడుకుంటున్నాం. ఇప్పుడు ఏరక ముందటి ఫైళ్లు తెరిచాను.

ఏమని చెప్పను! ప్రతి దెబ్బకూ ముందు ఒక మనిషి తనను తాను కూడగట్టుకుంటున్నాడు. ఒకరు ముక్కుతో, ఒకరు పళ్ల సందుల్లోంచి, ఒకరు నవ్వాపుకుంటూ. ఇన్నేళ్లుగా ఇంతమంది మనుషులు నా కంప్యూటర్‌లో ఉన్నారని నాకే తెలియదు. అన్నీ తిరిగి పెట్టేశాను. శత్రువు ఊపిరి పీల్చేటప్పుడు డప్పు దానంతట అదే తగ్గుతుంది. కావలివాడికి అందరిలోకీ బరువైన ఊపిరి ఏరి పెట్టాను. ఎవరిదో తెలియదు. ఫైలు మీద అంకె తప్ప పేరు లేదు.

ఒక్కసారి ఆడు భాయ్. నీకు దండం పెడతాను.

నీ,
సంకేత్

సైదాబాద్,
ఆగస్టు 24

ప్రియమైన అంజన్,

ఉలుకూ పలుకూ లేదేం? ఓడిపోతే ఓడిపోయానని రాయి. మా ఆఫీసులో కళ్లున్నవాళ్లే కావలివాడి దగ్గర బోర్లాపడుతున్నారు. మరీ కష్టమైతే చెప్పు, వాణ్ని కాస్త మెత్తబరుస్తాను. నిన్ను బాధపెట్టానేమోనని మస్తు ఫికర్‌గా ఉంది.

నీ,
సంకేత్

కార్వాన్,
ఆగస్టు 31

ప్రియమైన సంకేత్,

వాణ్ని మెత్తబరచకు. వెంట్రుకవాసి కూడా మార్చకు.

మిగతావాళ్లందరినీ గెలిచాను. ఊపిరి వినడం, తప్పుకోవడం, కొట్టడం, అన్నీ చేతులకే గుర్తొచ్చాయి. కావలివాడి దగ్గరికి వచ్చేసరికి విచిత్రం. లోతుగా ఒక ఊపిరి, మధ్యలో చిన్నగా ఆగి, మళ్లీ ఇంకాస్త. వాడు ఎప్పుడు ఎటు వస్తాడో వాడికంటే ముందే నాకు తెలిసిపోతోంది. తెలిసీ చెయ్యి లేవదు. ఎందుకో అర్థం కాక ఆట పక్కన పడేశాను. అందుకే నీకు రాయలేదు.

మొన్న మనసాగక మళ్లీ పెట్టాను. హెడ్‌ఫోన్స్ చెడిపోతే స్పీకర్ మీద ఆడుతున్నాను. ఇళ్లల్లో పాలు పోసి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగింది.

"ఎవలొచ్చిండ్రు రా?"

"ఎవలు రాలేదమ్మా. ఆట."

చెప్పులైనా విడవకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. "మల్ల పెట్టు" అంది. పెట్టాను. "మల్లొక్కపారి" అంది. తర్వాత నా భుజం పట్టుకుంది.

"మీ బాపురా. పాల క్యాను ఎత్తేటప్పుడు గిట్లనే గుంజుతుండె."

మోకాలు నొప్పి మొదలయ్యాక బాపు గట్టు మీద కూర్చుని నేర్పేవాడే గానీ మట్టిలో దిగేవాడు కాదు. నువ్వు నీ మిషన్ మీద తలవంచుకుని ఉండగా, మైకుల సంబరం చూసి ఆ పొద్దు దిగినట్టున్నాడు. కంట్రోలర్ కింద పెట్టేశాను. బాపును ఎట్లా కొట్టేది?

అమ్మ ఊరుకోలేదు. "ఏందిరా ఆగినవ్? ఆయన బతికినన్ని దినాలు నువ్వు ఒక్కపారి గూడ ఆయనను ఎల్లెలకల పడగొట్టలే. ఎన్నడు పడగొడ్తవో అని మస్తు సూసిండు. కొట్టు."

కొట్టాను సంకేత్. ఏడుస్తూనే కొట్టాను. ఆయన ఊపిరి గుంజినప్పుడల్లా పక్కకు తప్పుకున్నాను, వదిలినప్పుడల్లా మీద పడ్డాను. చివరికి పడ్డాడు. పడ్డాక డప్పు లేదు, వాన లేదు. కుస్తీ అయిపోయి మట్టి మీద వాలిన మనిషి తృప్తిగా వదిలే పొడుగాటి ఊపిరి ఒక్కటే వినిపించింది. అది కోసేయకుండా ఉంచావు, నీకు పుణ్యం ఉంటుంది. ఆసుపత్రిలో ఆయన ఆఖరి ఊపిరి అమ్మ వినలేదు, నేను వినలేదు. ఇది ఇద్దరం విన్నాం.

మహేశ్వరి గారికి చెప్పు, చెవులతో ఒకడు గెలిచాడని.

ఇంకో సంగతి. నువ్వు మైకులు పెట్టిన పొద్దు తాలీంలో ఉన్న పైల్వాన్లలో వైకుంఠం మామ కూడా అదే కరోనాలో పోయాడు. అమ్మ ఇప్పుడే ఆయన భార్యను పిలుచుకురావడానికి వెళ్లింది. నీ దగ్గరున్న ఊపిరులన్నీ పంపు. ఏది ఎవరిదో మేం చెబుతాం.

నీ,
అంజన్