పదహారు జీబీ బిల్లు

జనవరి 19, సోమవారం, మధ్యాహ్నం 3

రేణుకమ్మ పేరు పడలేదు.

జనవరి 19, సాయంత్రం 6

కాస్త నెమ్మదించాక రాస్తున్నాను. ఇవాళ ఆత్మకూర్ (ఎస్) ఊళ్లో కోటయ్యది పదకొండో దినం. ఫ్లెక్సీ నాదే, పదిహేను అడుగులు బై పది. మధ్యలో తలపాగాతో కోటయ్య, కింద 'శోకతప్త హృదయాలతో' అని కుటుంబం పేర్లు. ఇద్దరు కొడుకులున్నారు, కోడళ్లున్నారు, ఏడాదికోసారి కనబడే పాలివాళ్లూ ఉన్నారు. ఒక్క కూతురు రేణుకమ్మ లేదు. ఆఖరి నాలుగు నెలలూ తండ్రిని నిడమనూరులో తన ఇంట్లో పెట్టుకుని, ఎత్తి కూర్చోబెట్టి అన్నం తినిపించింది ఆమే. ఫ్లెక్సీ ముందు నిలబడి రెండుసార్లు చదివిందట. మెతుకు ముట్టకుండా బస్సెక్కిందట.

పెద్దకొడుకు సుధాకర్ ఫోన్ చేశాడు. మా చెల్లె పేరు ఏడ పోయింది కాకా, నేను రాసిచ్చిన గద, ఊరంతా మేమే తీపిచ్చినమంటున్నరు, అన్నాడు. కంప్యూటర్ హ్యాంగైంది, ర్యామ్ తక్కువ, సేవ్ కాలేదు, అన్నాను. నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది. అబద్ధమనీ అనిపించలేదు. నాలుగు జీబీ మెషీన్, పదేళ్లది. పెద్ద ఫైలు తెరిస్తే నేను టీ తాగి వచ్చేదాకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఈ మధ్య మౌస్ బాణం కూడా మాయమవుతోంది. ఆ ఫ్లెక్సీ చేసిననాడు నా దగ్గర పనిచేసే గ్రేస్ సెలవు. నేనే చేశాను, నేనే ప్రింటింగుకు పంపాను.

జనవరి 21, బుధవారం

కొత్త డెస్క్‌టాప్ తప్పదు. ఎంత ర్యామ్ అన్నదే ప్రశ్న. గ్రేస్ ఎనిమిది చాలంటుంది. కోదాడలో కంప్యూటర్ షాపు రవీందర్‌కు ఫోన్ చేస్తే పదహారంటున్నాడు, వారం వారం రేటు పెరుగుతోంది త్వరగా తేల్చుకోండి బాబాయ్ అని భయపెడుతున్నాడు.

గోడల మీద రాసే రోజుల్లో ఈ గొడవ లేదు. గోడ హ్యాంగ్ అవదు. తప్పు పోతే సున్నం కొట్టి మళ్లీ రాయడమే. వాడపల్లిలో ఒకసారి సిమెంటు ప్రకటన రాస్తుంటే 'బలం' అన్న మాట దగ్గర గోడ అయిపోయింది. 'బల' వరకు పట్టింది. పక్కింటాయన్ని బతిమాలి సున్నా ఆయన గోడ మీద పెట్టాను. ఏడాది తిరిగేసరికి ఆయన కంపెనీని సున్నాకు కిరాయి అడిగాడు. ఫ్లెక్సీలొచ్చి కుంచెను తినేశాక, నలభై తొమ్మిదో ఏట మౌస్ పట్టాను. ఎవరూ నేర్పలేదు. బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కి, ఏది ఏం చేస్తుందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

సుధాకర్ మళ్లీ చేశాడు. పదహారు వేయించు కాకా, బిల్లు జర నాకియ్యి, మా చెల్లెకు సూపిస్త, కంప్యూటర్ తప్పేనని నమ్మాలె గద, అన్నాడు. ఆమె వాళ్ల ఫోన్ ఎత్తడం లేదట. సరే అన్నాను. ముప్పై రెండుకైనా సిద్ధమే.

జనవరి 24, శనివారం

కోదాడ వెళ్లాను. రవీందర్ రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టాడు, ఒకటి ఎనిమిది, ఒకటి పదహారు. పెన్‌డ్రైవ్‌లో పెద్ద ఫైలు తీసుకెళ్లాను. ఎనిమిదిలో తెరుచుకుంది. పదహారులో ఇంకా తొందరగా తెరుచుకుంది. సంబరపడి పని మొదలుపెట్టాను. బాణం మాయమైంది.

చూశావా, నీ పదహారుకూ ఇదే రోగం అన్నాను. రవీందర్ వంగి చూశాడు. నవ్వబోయి ఆగాడు. బాబాయ్, బాణం ఎక్కడికీ పోలేదండీ, ఎడమ పక్కనే ఉంది, అన్నాడు. తల తిప్పి చూస్తే ఉంది.

అతను ఇంకేమీ అమ్మాలని చూడలేదు. టీ తెప్పించాడు. కళ్లు చూపించుకుని రండి బాబాయ్, ర్యామ్ ఎక్కడికీ పోదు, అన్నాడు. నా ముందుకు జరిపి పెడితే గానీ గ్లాసు నాకు కనబడలేదు.

జనవరి 25, ఆదివారం

ఆదివారమైనా ప్రార్థన అయ్యాక గ్రేస్‌ను రమ్మన్నాను. కోటయ్య ఫైలు తెరవమన్నాను. అంతా సేవ్ అయి ఉంది. రేణుకమ్మ పేరూ ఉంది. అందరికంటే ముందు, ఎడమ చివర. పేజీ గీతకు బయట. గీత దాటినదేదీ ప్రింటవదు. జరిపింది నేను. జరిగిందని చూడనిదీ నేనే.

గ్రేస్ ఆ పేరును గీత లోపలికి జరిపింది. నాలుగు నెలల నుంచీ మీరు వదిలేసిన అంచులన్నీ నేనే సర్దుతున్న సార్, తొందర్ల ఉండి వదిలేస్తున్నరనుకున్న, అంది.

జనవరి 28, బుధవారం

మిర్యాలగూడ కంటి దవాఖాన. ఒక చిన్న గదిలో గడ్డం ఆనించి కూర్చోబెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బుద్ధిగా నొక్కాను. కాగితం బయటికొచ్చాక తెలిసింది, నేను నొక్కనివి ఎన్ని వెలిగాయో. ఎడమవైపంతా నల్లగా ఉంది.

నీటికాసులు, అంటే గ్లకోమా, అన్నాడు డాక్టర్. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలి, రోజూ చుక్కలు వేసుకోవాలి. ఎంతకాలం ఉంటుందని అడిగితే చెప్పలేనన్నాడు.

ఇంటికొచ్చి చంద్రకళకు చెప్పాను. నలభై ఆరేళ్ల సంసారంలో ఆమె ఆశ్చర్యపోగా నేనెప్పుడూ చూడలేదు, ఇవాళా చూడలేదు. దసరా నుంచి నీ చాయ గ్లాసు నడిమిట్ల పెడుతున్న, పక్కకు పెడితే తన్నుతున్నవ్ గద, అంది. మరి చెప్పలేదేం అన్నాను. చెప్తే ఒప్పుకుంటవా అంది.

జనవరి 30, శుక్రవారం

సుధాకర్ బిల్లు అడిగాడు. రేపన్నాను. ఈ సంగతి పొక్కితే పెళ్లి కార్డు కూడా ఎవరూ నా చేతిలో పెట్టరు. సూర్యాపేటలో కంటిచూపు లేని ఆర్టిస్టుకు పని ఎవరిస్తారు? నాతోపాటు గ్రేస్ జీతం కూడా పోతుంది. పదహారు జీబీ బిల్లొకటి చూపిస్తే ఎవరి పరువూ పోదు. రెండు రోజులుగా ఈ లెక్కే వేస్తున్నాను. ఎటు తిప్పినా బాగానే ఉంది. అందుకే భయమేస్తోంది.

ఫిబ్రవరి 1, ఆదివారం, రాసేసరికి సాయంత్రం 7

నిడమనూరు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు.

రేణుకమ్మ వరి నాటు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా బురద. నేనెవరో చెప్పగానే మొహం మారింది. కూర్చోమనలేదు. నేనే అరుగు మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. కంప్యూటర్ తప్పు కాదు, మీ అన్నల తప్పు కాదు, నా కన్ను, అని.

మొన్న కంప్యూటరన్నవంట, ఇయ్యాల కన్నంటున్నవ్, రేపు ఇంకేమంటవ్ కాకా, అంది. మా అన్నలు ఎంతిచ్చి పంపిండ్రు అని కూడా అడిగింది. డాక్టర్ కాగితం జేబులోనే ఉంది. తీయబుద్ధి కాలేదు. ఒక అబద్ధానికి బిల్లు, ఒక నిజానికి రిపోర్టు, ఎన్నని చూపించను? లేచాను.

వాకిట్లో ఎడమ పక్కన మోటార్‌సైకిల్ నిలబెట్టి ఉందట. నాకు లేదు. దాని మీదే పడ్డాను. అదీ నేనూ కలిసి పడ్డాం. మోకాలు చీరుకుపోయింది.

పట్టపగలు గంత పెద్ద బండి కనబడలేదా అని అరిచింది. అరిచి ఆగిపోయింది. ఎడమ పక్క నుంచి వచ్చిందేమో, చెయ్యి నా మోచేతిని పట్టుకునేదాకా ఆమె దగ్గరికొచ్చినట్టే తెలియలేదు. చెంబులోంచి నీళ్లు వంచి గాయం కడిగింది. తలెత్తకుండా, నా పేరు ఏడుండె కాకా, అని అడిగింది.

అందరికంటే ముందు బిడ్డా, అన్నాను. సుధాకర్ మొదట నీ పేరే రాసిచ్చాడు. ముందుంది గనకనే అంచు దాటింది.

చెంబు కింద పెట్టి ఫోన్ తీసింది. అన్నా, అంది. అవతల సుధాకర్ ఏడుపు నాకు వినబడింది. చెవులు బాగానే ఉన్నాయి.

అన్నం తినకుండా కదలనియ్యలేదు. కంచం నా ముందు నడిమిట్ల పెట్టింది.

ఫిబ్రవరి 4, బుధవారం

గ్రేస్‌తో కోదాడ. నాకు మిగిలిన పనికి ఎనిమిది చాలని రవీందర్‌తో అన్నాను. పని మీదొక్కరిదేనా సార్, నాకింక ఇరవై ఏండ్ల పనున్నది, అంది గ్రేస్. కోపంగానే అంది. పదహారు తీసుకున్నాం. బిల్లు ఆమె పేరు మీద రాయించాను.

సంగతి బజారులో పొక్కింది. రెండు పెళ్లి కార్డులు వెనక్కి పోయాయి. మిగతావి పోలేదు, ఇప్పటికి.

ఫిబ్రవరి 9, సోమవారం

కొత్త మెషీన్ మీద మొదటి ఫ్లెక్సీ గ్రేస్ చేసింది. చూడమంది. చదివి వినిపించమన్నాను. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని విన్నాను. మంచి డిజైన్.