ఆరుగురు కుట్టిన చొక్కా

మే 12, సోమవారం
బట్టల కంపెనీకి తాళం. విదేశీ చొక్కాల ఆర్డరు ఇంకో దేశానికి పోయిందట... అక్కడ ఇంకా తక్కువ కూలికి కుడతారట. సరోజ వదినకు ఈ సంగతి చెప్పింది గేటు దగ్గరి వాచ్‌మన్. అన్న పోయాక ఆమె ఇల్లు నడిచింది అక్కడి కుట్టుపని మీదే. ఏడుస్తూ ఉంటుందనుకుని వెళ్లాను. పచ్చిపులుసు కలుపుతోంది. "ఏంది రాజూ గట్ల సూస్తున్నవ్? కూసో, తిను."

మే 14, బుధవారం
"ఇంట్లోనే చొక్కాలు కుట్టి అమ్మొచ్చుగా వదినా" అన్నాను, పెద్ద తెలివైనవాడిలా. నవ్వింది. ఇన్నేళ్లూ ఆమె కుట్టింది కాలర్లే. తోటి పనామె యాదమ్మ జేబులు. కమల చేతులు అతుకుతుంది. మొత్తం చొక్కా ఒక్కరికీ రాదు! పనిని అలా ముక్కలు చేసి పంచింది కంపెనీ. నాకు ఒళ్లు మండింది. వదినకు ఉపాయం తట్టింది.
"ఒక్కరికి రాకుంటే ఏమాయె. అందరం ఒక్క కాడ కూసుంటం."

మే 17, శనివారం
వదిన వరండా. ఆరుగురు ఆడవాళ్లు, అడిగి తెచ్చుకున్న మిషన్లు. యాదమ్మ చండ్రుగొండ నుంచి బస్సులో వచ్చింది. చొక్కా ఒకరి ఒడిలోంచి ఇంకొకరి ఒడిలోకి... వదిన తల ఎత్తదు. ఈమె మా వదిన అని గల్లీ అంతా అరిచి చెప్పాలనిపించింది.

మే 18, ఆదివారం
మొదటి చొక్కా నాకే. చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి! వాళ్లకు అలవాటైనవి విదేశీ కొలతలే మరి. యాదమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కమల నా మణికట్టు పట్టి చూసి — "అయ్యో, మనోళ్ల చేతులు గింతేనా!"

మే 19, సోమవారం
చేతులు మడిచి అదే చొక్కా వేసుకుని డ్యూటీకి. గని క్యాంటీన్లో ఒకటే ఎగతాళి. కాలర్‌కు మాత్రం ఎవరూ వంక పెట్టలేకపోయారు. ఇద్దరు తమకూ కావాలన్నారు. ఇకనుంచి నేను ఏ బట్ట కొన్నా ముందు అడిగేది ఇదే — ఎవరు కుట్టారు?

మే 22, గురువారం
సెలవులే అయినా, కొత్త యూనిఫాంల కోసం మా పిల్లల స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. వదినను వెంట తీసుకెళ్లాను. యూనిఫాంలు వీళ్లతో కుట్టిద్దాం అన్నాను. "ఆన్‌లైన్‌ల ఇంకా అగ్గువకు వస్తయ్ గదన్నా" — వెనకనుంచి ఒకాయన, చవక లెక్క చెబుతూ.
వదిన లేచింది. "అవ్, వస్తయ్. మా కంపెనీ గూడ అగ్గువ ఎతుక్కుంటనే పోయింది."
అంతే, కూర్చుంది. సోమవారం సాంపిల్ తెమ్మన్నారు హెడ్మాస్టరు. అది నచ్చితే స్కూలు మొత్తానికీ ఆర్డరు వీళ్లదే.

మే 24, శనివారం
కమల వెళ్లిపోయింది. హైదరాబాద్ కంపెనీ పిలిచింది. నాకు కోపం. వదిన మాత్రం సద్ది కట్టిచ్చి, బస్సు ఎక్కించి వచ్చింది. "దాని పిల్లలు గూడ తినాలె గద."
ఇప్పుడు చేతులు అతికేది ఎవరు?

మే 25, ఆదివారం
సాంపిల్ రేపే. పొద్దుటి నుంచి వదినే చెయ్యి అతుకుతోంది. చంక దగ్గర ముడత... విప్పింది. మళ్లీ కుట్టింది. మళ్లీ విప్పింది. పోనీ కొన్న చొక్కా చూపిద్దామా అన్నాను. వదిన చూసిన చూపుకు లేచి కత్తెర అందించాను.
సాయంత్రం కుడిచెయ్యి కుదిరింది. ముడత లేదు. నా కళ్లలో నీళ్లు. ఏదో మెచ్చుకోబోయాను.
"జర పక్కకు జరుగు రాజూ, ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్. ఎడమది ఇంక ఉన్నది."